రాగితీగ పెట్టెలకు సిక్ లేబుల్

విరుదునగర్‌లో కారేజీ అండ్ వ్యాగన్ విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా ఉన్నది నా ఆఖరి పోస్టింగు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఫిబ్రవరిలో వచ్చే తమిళ మాసి నెలలో, శిక్షణ గది బాధ్యత కూడా నాకే అప్పగించారు. కారేజీ అండ్ వ్యాగన్ అంటే ఇంజను తప్ప రైలులో మిగిలినదంతా: పెట్టెలు, చక్రాలు, బ్రేకులు. హెల్పర్లను టెక్నీషియన్ పదోన్నతి పరీక్షకు తయారుచేయాలి. దానికి ట్రేడ్ టెస్ట్ అని పేరు. గదిలో చూస్తే రంగు వెలిసిన పటాలు నాలుగున్నాయి. పటం చూసి బ్రేకు గొట్టాల దారి అర్థం చేసుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఒకదానికొకటి తగిలించిన రెండు పెట్టెల నమూనా నేనే చేసిస్తానని పైకి రాసి, అనుమతి తెచ్చుకున్నాను.

అది ఉద్యోగధర్మం ఒక్కటే అంటే అబద్ధమాడినట్టే. చిన్న రైళ్లు చేయడం నాకు పాత పిచ్చి.

పెట్టె ఒళ్లు రేకుతో ఎవరైనా చేస్తారు. దానికి ప్రాణం పోసేది సన్నతీగ. కోవిల్‌పట్టిలో మా ఇంటి దగ్గర మోటార్లకు కాయిల్ చుట్టే దుకాణంలో మిగిలిన రాగితీగ తెచ్చుకునేవాణ్ణి. చుట్ట విప్పిన తీగను వేళ్లతో సరిచేయబోతే ఇంకా వంకరలు పోతుంది. ఒక కొసను వైసులో బిగించి, రెండో కొసను పట్టకారుతో పట్టుకుని, తీగ వెంట్రుకవాసి సాగినట్టు చేతికి తెలిసేదాకా లాగాలి. అప్పుడు గీత గీసినట్టు నిలుస్తుంది. పైనున్న వార్నిషు పూతను బ్లేడుతో గీకకపోతే టంకం అంటదు. తలుపుల పక్కన పట్టుకునే కమ్మీలను కుట్టుసూది మీద వంచాను. పెట్టెకూ పెట్టెకూ మధ్య వేలాడే రబ్బరు గొట్టాల కోసం లావు తీగ మీద సన్నతీగను ఒత్తుగా చుట్టాను. బ్రేకు గొట్టానికి ఆకుపచ్చ రంగు, దాని పక్క గొట్టానికి తెలుపు. గొట్టం కొసన గాలిని వదిలే, ఆపే కుళాయి ఒకటి ఉంటుంది. ఏంగిల్ కాక్ అంటారు. దాని పిడి కోసం తీగ కొసను సుత్తితో తట్టి చదును చేశాను. ఆవగింజంత పిడి. చేసినవి చేసినట్టు అగ్గిపెట్టె గూళ్లలో దాచేవాణ్ణి.

"ఈ కంబిని ఇంత సొగసుగా వంచేవాళ్లు నాకొక జత మాటీలు చేసిచ్చింటే ఏమి?" అనేది మా ఇంటావిడ. నమూనా శిక్షణ గదికి చేరాక చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నాకు మరీ ముద్దు. రోజూ ఒకసారి తుడిచేవాణ్ణి.

ఆ ఏడాది నా దగ్గర నేర్చుకున్న హెల్పర్లలో గురువమ్మాళ్ ఒకరు. కోవిల్‌పట్టి దగ్గర కరిసల్ అనే నల్లరేగడి నేలలోని ఊరి మనిషి, ఇంట్లో మాలాగే తెలుగు, బయట తమిళం. చేతిలో పని ఉంది. అయినా అంతకు ముందు ట్రేడ్ టెస్టులో తప్పింది. ప్రశ్న అడిగితే నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆమె కాగితం మీద 'జవాబు లేదు' అని రాసింది నేనే. ఈసారీ తప్పితే ఆమె కన్నా జూనియర్లు ఇద్దరు ముందుకు పోతారు.

పరీక్ష రోజు డివిజన్ నుంచి ఒక అసిస్టెంట్ ఇంజనీరు వచ్చారు. పక్కన నేను. ఆయన నా నమూనా చూసి ముచ్చటపడి, ప్రశ్న దాని మీదే వేశారు. ఇంజను తగిలించారు, గాలి నింపారు, ఈ బండి బయలుదేరడానికి తగునా, తగదా?

ఆమె వంగి చూసింది. నోరు తెరిచింది. నా వైపు చూసి మూసేసింది. అధికారి కలం కాగితం మీదికి వెళ్లింది. అప్పుడు ఆమె నాకు మాత్రమే వినబడేలా తెలుగులో అంది: "తప్పనుకోవద్దండి సారు. నడుమ ఉండే రెండు పిడులూ అడ్డంగా ఉండాయి. చివర అడ్డంగా ఉంటే సరే. నడుమ ఉంటే వెనక పెట్టెకి గాలి పోదే. మీరు చేసిందాన్ని తప్పని ఎట్ల చెప్పేది?"

చూశాను. నిజమే. పిడి గొట్టం వెంబడి ఉంటే కుళాయి తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. వెంబడి అతికిస్తే గొట్టంలో కలిసిపోయి కనబడవని, నా పనితనం అందరికీ కనబడాలని, నడుమవాటిని కూడా అడ్డంగానే అతికించాను. వెనక పెట్టెకు బ్రేకు లేని బండిని మూడు నెలలుగా తుడుస్తున్నాను. ఆ గదిలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. నమూనాయే కదా, వదిలెయ్ అంటే సరిపోయేది. ఒక్క క్షణం అలా అనాలనిపించింది కూడా.

"అదే మాట సార్‌కు తమిళంలో గట్టిగా చెప్పమ్మా" అన్నాను.

చెప్పింది. మేమిద్దరం ఏం గుసగుసలాడామని అధికారి అడిగితే నేను మాట పొల్లుపోకుండా వివరించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, కడుపు పట్టుకుని నవ్వారు. లోపం దొరికిన పెట్టెను సర్వీసు నుంచి తప్పించడాన్ని సిక్ చేయడం అంటాం. లోపం పట్టినవారే లేబుల్ అంటించాలి. పద్ధతి పద్ధతేనన్నారు ఆయన. గురువమ్మాళ్ లేబుల్ నింపి, బంక రాసి, ఏమాత్రం నవ్వకుండా నా పెట్టె మీద అంటించింది. కిటికీలన్నీ దాని కిందికి పోయాయి. ఆ తర్వాత ఆమెను ఆపడం కష్టమైంది. అడిగిన ప్రశ్నకూ చెప్పింది, అడగనిదానికీ చెప్పింది. నాకు ఆనందం పట్టలేదు.

పదోన్నతి కాగితం వచ్చిన రోజు కడలమిఠాయి అనే పల్లీపట్టీ పంచుతూ ఆమె మామూలుగా అంది: "పోయిన తడవ కూడా అంతే సారు. మీరు చూపించిన బ్రేకు బ్లాకు అరిగిపోయిండింది. మీరు అది బాగుందని చెప్పి ప్రశ్న అడిగినారు."

వెళ్లి ఆ బ్లాకును కొలిచాను. అరుగుదల హద్దు దాటి ఉంది. ఆ మిగిలిన నెలల్లో ఇంకో రెండు ట్రేడ్ టెస్టుల్లో కూర్చున్నాను. అభ్యర్థి నోరు మెదపకపోతే, కాగితం మీద ఏదైనా రాసే ముందు లేచి వెళ్లి, నేను చూపిస్తున్న వస్తువును నేనే ఒకసారి తనిఖీ చేసుకునేవాణ్ణి.