జోడి పని

ఘణపూర్ దగ్గరి రాళ్ల గనిలో పని జోడీలకే ఇచ్చేవారు. మొగుడు సమ్మెటతో రాయి కొడితే పెళ్లాం తట్టలో మోయాలి. సర్కారు సడక్ కోసం కంకర అంతా అట్లాగే దిగేది. ఒంటరి మగవాడు పోతే మేస్త్రీ తిప్పి పంపేవాడు. ఇంటి పని మాత్రం జోడి పని కాదు. కోడి కూయక ముందే లేచి నేను జొన్న రొట్టెలు కొట్టేదాన్ని. యారాలు, అంటే మా బావ భార్య, నీళ్లు మోసేది. మా ఇంట్లో అత్త లేదు. ఆ లోటు తెలియకుండా యారాలే చూసుకునేది.

ఆమెకు మూడు నెలల పిల్ల. పసివాళ్లను గుట్ట కింద వేపచెట్టుకు కట్టిన ఊయలల్లో వేసి పైకెక్కితే, పొద్దుగూకే దాకా తల్లులను దిగనిచ్చేవారు కాదు. ఆ ఎండాకాలం ఆమె పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. పాలిచ్చే తల్లులను రోజుకు రెండుసార్లు దిగనీయమని ఆడవాళ్లంతా పోయి అడిగారు.

"పనికొచ్చిండ్రా, పాలియ్యనీకొచ్చిండ్రా?" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు వాళ్లెవరూ గుట్ట ఎక్కలేదు. బిడ్డలను ఒళ్లో పెట్టుకుని చెట్టు కిందే కూర్చున్నారు. జోడి లేక మగవాళ్లకూ పని లేకపోయింది. బావ ఎంత తిట్టినా యారాలు లేవలేదు.

నాకప్పటికి పిల్లలు లేరు. "మనకు పిల్లలా జెల్లలా? గా లొల్లి మనకేంటికి, నడువు" అన్నాడు మా ఆయన. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని ఆ ఆడవాళ్లే నన్ను ఎన్నోసార్లు దెప్పారు. ఆ కసి నాకుంది. తట్ట తీసుకుని వాళ్ల ముందు నుంచే పైకెక్కాను. ఆ రోజు గుట్ట మీద పని చేసింది మేమిద్దరమే. మేస్త్రీ నన్ను మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం రొట్టెలు చేసి పెడితే యారాలు ముట్టలేదు. తిట్టనూ లేదు. పగలంతా వడగాలిలో కూర్చున్న మనిషి పస్తుంటే పాలెక్కడివి? పిల్ల చప్పరించి చప్పరించి ఏడుస్తోంది.

"తినక్కా, పిల్లకన్న పాలుండొద్దా?" అన్నాను.

"నువ్వు గీ పొద్దు మోసిన తట్టల కూడు నాకెట్ల దిగుతది?" అంది.

మర్నాడు మా ఆయన పిలిస్తే నేను లేవలేదు. రెండు దెబ్బలు వేసి ఒక్కడే పోయాడు. పోయినంత వేగంగానే తిరిగొచ్చాడు. మూడో రోజుకు మేస్త్రీ దిగొచ్చాడు. రెండుసార్లు దిగండి, కానీ చీకటి పడేదాకా మోయండి అన్నాడు. ఒప్పుకున్నారు.

నేనూ వాళ్లతో కలిశానని తర్వాత అందరూ మంచిగానే చెప్పుకున్నారు. నిజానికి నేను ఆగింది బిడ్డల కోసం కాదు, ఆమె నా చేతి రొట్టె ముట్టకపోవడం భరించలేక. తనదాకా వస్తే గాని తెలియదంటారు. రెండేళ్లకు నాకు కొడుకు పుట్టాడు. వాణ్ణి చెట్టు కింద వదిలి పనికెక్కిన మొదటి రోజు, ఎండ నడినెత్తికి రాకముందే యారాలు నా చేతిలోంచి తట్ట లాక్కుంది.

"పో, పిల్లగాడు ఏడుస్తుండు. నీ తట్ట నేను మోస్త" అంది.

సిగ్గుతో కిందికి దిగి, వాడికి పాలిచ్చినంతసేపూ గుట్ట వైపు తలెత్తి చూడలేకపోయాను.