గుత్రా మీద అయిదు మరకలు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాయ్ గ్లాసు చేతికి తీసుకోండి, చల్లారితే మళ్ళీ కాస్తాను గానీ మధ్యలో మాత్రం లేవొద్దు. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, కోపంలో తెగిన మాటను మళ్ళీ అతికించుకునే ఓపిక ఈ వయసులో లేదు. అయిదో తరగతి దాటని దాన్ని, మాటలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో తప్పు మాత్రం వెతకొద్దు, దొరకదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, కువైట్‌లో నేను ఇన్నేళ్ళుగా వంట చేస్తున్న ఇంట్లో, భోజనాలయ్యాక అందరూ పెద్ద హాల్లో చేరారు. కొడుకులూ కోడళ్ళూ మనవళ్ళూ కలిపి ఇరవై మందికి తక్కువ లేరు. గోడకు ఉన్న అద్దాల పెట్టెలో, సబ్హాన్ కార్ఖానాల్లో ప్రత్యేకం చేయించిన పెట్టె అది, పెద్ద బాబా గారి, ఇక్కడ యజమానిని బాబా అంటాం, పాత రివాల్వర్ ఉంటుంది. పెద్ద బాబా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంటి పెద్ద ఆయన కొడుకు, నేను వచ్చిన కొత్తలో మీసాలు అప్పుడే దట్టమవుతున్న చిన్న బాబా, ఇప్పుడు గడ్డం నెరిసింది. మనవడు ఆ రివాల్వర్ సంగతి అడిగితే ఆయన తన ఎడమ చేతి వేళ్ళ మీద కాలిన మచ్చ చూపించి, నవ్వుతూ, మనకు ఒక హిందీ డ్రైవర్ ఉండేవాడు, బుర్ర తక్కువవాడు, కొవ్వు పూయడం మరిచిపోయి నా చెయ్యి కాల్చాడు అన్నాడు. అందరూ నవ్వారు. నేను చాయ్ తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. హిందీ అంటే ఇక్కడ మన దేశపు మనిషి అని. ఆ డ్రైవర్ నా మొగుడు.

ఆ తట్ట నేల మీద పడెయ్యలేదు చూడండి, అది నా గొప్పతనం.

ముందు మా నాయన సంగతి చెప్పాలి, లేకుంటే మీకు అర్థం కాదు. మాది రాయచోటి దిక్కు, కొండ పక్కన శెనక్కాయ చేను, పంట చేతికొచ్చే వేళకు అడవిపందులు దిగి మట్టి తలకిందులు చేసేవి. మా నాయనకు లైసెన్సున్న నాటు తుపాకి ఉండేది. గొట్టం మూతి నుంచి మందు పోసి, కొబ్బరి పీచు దట్టించి, ఇనుప చువ్వతో కూరి, వెనక రాగి టోపీ పెట్టి పేల్చేది. మా అన్నలకు ఓపిక లేదు, నాకుంది, కాబట్టి పక్కన కూర్చుని పీచు చుట్టిచ్చేదాన్ని. మా నాయన దగ్గర ఒకటే చట్టం. మందు కూరిన చెయ్యే కాల్చాలి. కూరిన తుపాకిని ఇంకొకరు ముట్టుకున్నారా, ఇక నమ్మకూడదు, అంతా దించేసి మొదటి నుంచి కూరాలి. ఒకసారి మా మేనమామ సరదాకు చేతిలోకి తీసుకుంటే, దాన్ని మళ్ళీ దించి కూరేసరికి పందులు సగం చేను తినేశాయి. మా అమ్మ తిట్టిన తిట్లు నాకిప్పటికీ వరసగా వచ్చు. మా నాయన మాత్రం, చేను మళ్ళా పండుతుంది లేవే, చెయ్యి మళ్ళా మొలుస్తుందా అన్నాడు.

పెళ్ళయి, కొన్నాళ్ళకు మేమిద్దరం ఒకే ఇంటికి వచ్చాం, ఆయన డ్రైవర్‌గా, నేను వంటకు. పెద్ద బాబాకు ఆ రివాల్వర్ అంటే ప్రాణం. పాత కాలందే, తూటా పెట్టేది కాదు, మందు పోసేదే. గుండ్రటి ఉండలో ఆరు గదులు, ఒక్కో గదిలో మందు పోయాలి, పైన సీసం గుండు పెట్టాలి, గొట్టం కింద ఉన్న మడత చువ్వ లాగితే గుండు లోపలికి గట్టిగా దిగుతుంది. చివర గది మూతి మీద కొవ్వు పూయాలి. ఇది ముఖ్యం, బాగా వినండి. కొవ్వు పూయకపోతే ఒక గదిలో లేచిన నిప్పు పక్క గదులకు పాకి అన్నీ ఒక్కసారే పేలతాయి. పెద్ద బాబాకు వయసుతో చేతులు వణికేవి. ఆ పని మా ఆయనకు అప్పజెప్పాడు. ఆయన వచ్చి నన్నడిగాడు, తుపాకి ఇంటి పిల్లవు కదా చెప్పమని. నేనే నేర్పించాను. గొర్రె తోక కొవ్వు కరిగించి, అందులో తేనెమైనం కలిపి చిన్న డబ్బాలో పోసిచ్చింది కూడా నేనే. ఆరులో ఒక గది ఖాళీగా వదిలి అయిదే కూరమని చెప్పిందీ నేనే, వెనక కొట్టే సుత్తి ఖాళీ గది మీద ఆనితేనే కింద పడినా పేలదు కాబట్టి.

చలికాలం వస్తే ఎడారిలో గుడారాలు వేసుకునేవాళ్ళు. పెద్ద బాబా టొమాటో డబ్బాలు వరసగా పెట్టి ఒక్కోటీ కొట్టేవాడు, కొట్టాక పిల్లాడిలా కేకపెట్టేవాడు. మంచివాడు, కాదనను. మా ఆయన కూరిచ్చిన దాన్ని కళ్ళు మూసుకుని నమ్మేవాడు. మా నాయన చట్టం ఇక్కడ చెల్లదు కదా, కూరేది పనివాడు, కాల్చేది యజమాని.

ఆరోజు నేను ఇంట్లోనే మామా దగ్గర, అంటే పెద్ద బాబా భార్య దగ్గర, ఉన్నాను. గుడారాల దగ్గర మా ఆయన అయిదు గదులూ కూరి, కొవ్వు పూసి, పెద్ద బాబా నమాజులో ఉంటే బల్ల మీద గుడ్డ పరిచి పెట్టి, చాయ్ నీళ్ళు చూడ్డానికి పోయాడు. అంతలో చిన్న బాబా స్నేహితులొచ్చారు. ఆయన దాన్ని తీసుకుని కాల్చాడు. అయిదులో మూడు ఒక్కసారే పేలాయి, గొట్టం కింద పెట్టిన ఎడమ చెయ్యి కాలింది. పేలకుండా మిగిలిన రెండు గదుల మూతి చూస్తే చుక్క కొవ్వు లేదు. కూరింది ఎవరు? డ్రైవర్. ఇంకేముంది, అక్కడికి సరి.

ఆ సాయంత్రం గుడారాల నుంచి బట్టల మూట ఇంటికొచ్చింది. నాకేమీ తెలియదు, చిన్న బాబాకు చెయ్యి కాలిందని మాత్రమే చెప్పారు. పొద్దున్నే ఉతకడానికి విప్పితే ఆయన కొత్త గుత్రా, నెత్తిన కప్పుకునే తెల్లగుడ్డ, దాని అంచున అయిదు గుండ్రటి మరకలు. ఒక్కోటి శెనక్కాయ గింజంత. ముక్కు దగ్గర పెట్టుకుంటే తోక కొవ్వు, తేనెమైనం, కొంచెం మందు మసి. ఇదేందబ్బా అనుకున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు. పాపిష్టిదాన్ని, నిమ్మకాయ రుద్ది, వేడినీళ్ళలో నానేసి, కొంగ రెక్కలాగా తెల్లగా చేసి ఆరేశాను. మామా మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం మా ఆయన వంటింటి తలుపు దగ్గర నిలబడి, కొవ్వు పూయలేదంట నేను, అన్నాడు. అంతే, ఆ అయిదు మరకలు గుర్తొచ్చాయి. చేతికి జిడ్డు అంటుతుందనో ఏమో, కొవ్వు ఎందుకో తెలియక, చిన్న బాబా ఒక్కో గదీ తుడిచాడు, అదీ ఆ గుత్రా కొసతోనే. పెరట్లోకి పరిగెత్తాను. తీగ మీద అది గాలికి ఎగురుతోంది, తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు.

మామా దగ్గరికి పోయి వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆమె అంతా విని, సరే, ఆ గుత్రా చూపించు అంది. చూపించాను. ఏం కనిపిస్తుంది? నా చేతి పనితనం కనిపిస్తుంది.

నాలుగో రోజుకు మా ఆయన విమానమెక్కాడు. పెద్ద బాబా ఖలాస్, ఇక అయిపోయింది అన్నాడు, కళ్ళు మాత్రం ఎత్తలేదు. నువ్వైనా ఉండు, ఇద్దరం పోతే పిల్లల చదువు ఆగుతుంది, పోనీలే, అని మా ఆయన చెప్పిపోయాడు. పోనీలే! ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఎవరో ఒకరు ఏమయ్యా, షేకు చెయ్యి కాల్చి వచ్చినావంటనే అని ఎగతాళి చేస్తే, ఆయన నవ్వి తలొంచుకుంటాడు. ఆ ఇంటి వంట నేను మానలేదు, ఆ తల ఆయన ఎత్తలేదు.

అందుకే పోయిన శుక్రవారం తట్ట బల్ల మీద పెట్టి, అందరి ముందూ అనేశాను.

"బాబా, కొవ్వు మరిచిపోలేదు. నువ్వు తుడిచినావు. నీ గుత్రాకు అయిదు మరకలు. ఉతికింది నేను."

మనవడు ఆయన మొహం చూశాడు. ఆయన తన వేళ్ళ వంక చూసుకుని, "యల్లా, కానీ, చాయ్ పొయ్," అన్నాడు. పోశాను.

మూడు రోజులు ఎప్పటిలాగే వండి పెట్టాను. నాలుగో పొద్దున ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చాడు, ఆ ఇంట్లో మగవాళ్ళు అక్కడికి రారు, వచ్చి మెల్లగా మా ఆయనకు ఫోన్ కలపమన్నాడు. వీడియోలో ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టడానికే కొంతసేపు పట్టింది. "ఆరోజు తుడిచింది నేనే," అన్నాడు ఆయన, మా ఆయనకు అర్థమయ్యే ఉర్దూలో. మా ఆయన ఏమన్నాడో చెప్పమంటారా?

"పోనీలే బాబా."

ఫోన్ లాక్కున్నాను. "ఏంది పోనీలే! ఎవరి సొమ్మని పోనిస్తావు!" అన్నాను. ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు. "ఆ పిల్లోళ్ళ ముందర కూడా చెప్పినాడా?"

చెప్పలేదు. ఈరోజుకీ చెప్పలేదు. అబద్ధమేమో హాల్లో, ఇరవై మంది నడుమ, నవ్వుల్లో. నిజమేమో వంటింట్లో, కుక్కర్ కూతల నడుమ, గొంతు తగ్గించి. ఈ చలికాలం దాటితే నేను మూట కట్టుకుని ఇంటికి పోతున్నాను, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితం మళ్ళీ రాయించుకోను. ఆ మాటకు హాలు దొరకలేదు గనకనే మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాను. ఇరవై మంది కంటే మీరే ఎక్కువ.

మా నాయన తుపాకి పేలితే ఇంత పొగ లేచేది. కాల్చినవాడు ఆ పొగలోనే నిలబడి, దగ్గుకుంటూ, మొహమంతా మసి చేసుకుని, నేనే కాల్చాను అని చెప్పకుండానే చెప్పేవాడు. ఆ మందూ పోయింది, ఆ తుపాకులూ పోలీసు స్టేషన్లకు చేరాయి. ఇప్పుడు అన్నీ శుభ్రం, చప్పుడు ఒక చోట, దెబ్బ ఒక చోట, మసి ఇంకెవరి మొహానికో. మరక కనిపిస్తే చాలు ఉతికెయ్యాలని ఉరుకుతాం. ఇప్పుడు నేను ఏ మరక చూసినా ముందు ఎవరిదని అడుగుతాను.

చాయ్ అయిపోయింది, ఇక లేవండి. మీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలి, మీ మగవాళ్ళు తలెత్తుకుని వీధిలో నడవాలి, ఒకరి తప్పు ఒకరి నెత్తికెక్కకుండా మీ పిల్లాజెల్లా నూరేళ్ళు చల్లగా ఉండాలి.