మేకదూకుడు మలుపులో కంకర

మా కనుమ రోడ్డు చూసుకున్న ఉర్బాన్ లాంటి మనిషి ఈ పిరనీస్ కొండల్లో మళ్ళీ పుట్టలేదు. నిలువెత్తు మంచును ఒక్క పారతో తవ్వి మంత్రసానిని పైపేటకు చేర్చినవాడు. వరదకు వంతెన కొట్టుకుపోతే దుంగలు పరిచి మందలన్నిటినీ దాటించినవాడు. అయితే అతను మీసం దువ్వుకుని చెప్పుకునేది వేరే ఉంది. ఫ్రాన్స్ అంతా చుట్టే టూర్ సైకిలు పందెం ఎన్నిసార్లు మా కనుమ ఎక్కినా, అతని రోడ్డు మీద ఒక్క సైకిలువాడూ పడలేదు.

ఆ ఏడు జూలై ఎండకు మేకదూకుడు మలుపులో తారు కరిగి చెప్పులకు సాగింది. తారు కరిగితే రోడ్డు పనివాడు సన్నకంకర చల్లుతాడు. పందెం రోజు కదా అని ఉర్బాన్ ఇంకాస్త మందంగా చల్లాడు. నెమ్మదిగా ఎక్కేవాళ్ళ చక్రాలకు తారు అంటకూడదని అతని తాపత్రయం. పని ముగించి, భార్య ఎలోది గట్టు మీద పరిచిన దుప్పటి మీద చేరగిలబడి, రొట్టె తుంచుకున్నాడు.

"ఏవయ్యా, ఎటు చూస్తున్నావు?" అంది ఎలోది.

జనమంతా కనుమ పైకి చూస్తున్నారు. అతనొక్కడే లోయవైపు చూస్తున్నాడు.

"వాళ్ళు వచ్చేది అటునుంచేగా."

"నీ బుర్ర గొర్రెలు మేశాయా ఏం? ఈసారి తిరగేసి పెట్టారు. ముందు ఆల్ప్స్, ఆ తర్వాతే మనం. మన కనుమ ఎక్కేది అటు, దిగేది ఇటు. రొట్టెల కొట్లో అతికించిన పందెం దారి పటం మీద వేలు పెట్టి ఊరందరికీ చెప్పింది నువ్వేగా."

రొట్టె తుంపు నోటిదాకా పోలేదు. తల ఎరిగిన సంగతిని చేతులు మరిచిపోయాయి. కనుమ మీదనుంచి రాయి దొర్లినట్టు దూసుకొచ్చేవాళ్ళ చక్రాల కింద కంకర పరిచాడు. ఆ మలుపుకు అవతల పిట్టగోడైనా లేదు.

చీపురు పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాడు. కాపలా పోలీసు అడ్డం వచ్చాడు.

"రోడ్డు మూసేశాం పెద్దాయనా. గట్టెక్కు."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఇది నా రోడ్డు నాయనా. జారి పడ్డవాణ్ణి లోయలోంచి నువ్వు మోసుకొస్తావా?"

పోలీసు బూటుతో కంకరను రాసి చూశాడు. కాలు జారింది. పక్కకు తప్పుకున్నాడు.

ఎలోది అప్పటికే పొదలు విరుస్తోంది. "కూర్చుని చోద్యం చూస్తారేం, రండే" అని ఆడవాళ్ళను కేకేసింది. కొమ్మలతో, తువ్వాళ్ళతో, ఒకామె తన గడ్డిటోపీతో ఊడవసాగారు. అంతలో పందేనికి ముందు నడిచే కంపెనీల ప్రచారపు బండ్లు పాటలు మోగించుకుంటూ దిగాయి. పిప్పరమెంట్లు విసురుతూ పోయి, ఊడ్చిన చోటికే కంకరను మళ్ళీ ఈడ్చాయి.

"వీళ్ళ చక్రాలు ఊడిపోను" అని తిట్టుకుంటూ ఉర్బాన్ మొదటినుంచీ మొదలుపెట్టాడు.

కొండవైపు సగం శుభ్రపడింది. లోయవైపు ఇంకా కంకరే. పైనుంచి మోటారు సైకిలు హారను వినిపించింది. ఆడవాళ్ళు గట్టెక్కారు. ఉర్బాన్ ఎక్కలేదు.

"వచ్చెయ్యవయ్యా, నీకు దండం పెడతాను" అంది ఎలోది.

అతను నేరుగా కంకరలోకి నడిచి, లోయ అంచుకు వీపు పెట్టి నిలబడ్డాడు. చీపురు రెండు చేతులా పైకెత్తి కొండవైపుకు ఊపాడు. మనిషి నిలబడ్డ చోటికి ఎవడూ సైకిలు తిప్పడు.

మొదటివాడు కొండను రాసుకుంటూ పోయాడు. వెనకే ఇద్దరు, ఆపైన గుంపుకు గుంపు. నీలిచొక్కా కుర్రాడొకడు వెడల్పుగా తిరిగి కంకరలోకి వచ్చేశాడు. వెనక చక్రం పక్కకు జారింది. ఉర్బాన్ కదల్లేదు. కుర్రాడు ఒక కాలు నేలకు రాసి, ఉర్బాన్ చొక్కాచేతిని మోచేత్తో ఒరుసుకుని, తూలి, నిలదొక్కుకుని సాగిపోయాడు.

అందరికంటే చివర, పందెం వదిలేసినవాళ్ళను ఎక్కించుకునే బండి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం దాని ముందు చీపురు కట్టి ఉంది. డ్రైవరు వేగం తగ్గించి ఉర్బాన్ చేతిలోని చీపురును చూశాడు.

"నా పని నువ్వు లాక్కున్నావేంటి పెద్దాయనా?"

"నీ బండెక్కేవాణ్ణి ఒక్కణ్ణీ ఇవ్వలేదులే. పో."

జనం దిగిపోయారు. ఉర్బాన్ గట్టు మీద కూర్చుని మిగిలిన రొట్టె తిన్నాడు. ఆ తర్వాత పార తీసుకుని, ఊడ్చిన కంకరనే మళ్ళీ మలుపంతా చల్లాడు. తారు ఇంకా కరుగుతూనే ఉంది. గడ్డిబళ్ళు నెమ్మదిగా దిగే వేళయింది.