మువ్వలు కట్టిన మగ్గాలు

ప్రకృతిని చూసి నేర్చుకునే తెలివైన యంత్రాలు ఇప్పుడే పుట్టినట్టు పత్రికల్లో రాస్తుంటారు. సాలెపురుగును చూసి కట్టిన కబురు ఏర్పాటొకటి యెమ్మిగనూరు నేతపాకలో పందొమ్మిది వందల యాభైల్లోనే నడిచింది. కట్టింది నేను. బడికి పోనివాడి పని కాబట్టి ఎవరూ రాసుకోలేదు. దాన్ని మా మీదికే ఎలా తిప్పారో అసలే రాసుకోలేదు.

పాక పొడుగునా గుంత మగ్గాలు. పొద్దున్నే కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటే లేవడం పొద్దు వాలాకే. నా పక్క గుంతలో మా నాయన. ఆయనకు ఉబ్బసం. కాసేపు నేసి, పేకను, అంటే అడ్డపోగును, కొట్టే పలక మీద తల ఆనించి ఊపిరి కోసం ఆగేవాడు. తక్కువపడ్డ గుడ్డను సాయంత్రం ఆయన గుంతలో కూర్చుని నేను నేసేవాణ్ణి. గుడ్డ సరిగా అందుతుంది గనుక పాక యజమాని షావుకారు ఏమీ అనేవాడు కాదు.

పాక చివర ఒక అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. కండె అయిపోతే కేకేయాలి. మగ్గాల చప్పుడులో ఆమెకు వినపడేది కాదు. గుంతలోంచి ఎక్కి వెళ్లడం నాయన లాంటివాళ్లకు నరకం.

నా గుంత మూలలో ఒక సాలెపురుగు ఉండేది. గూటి నడుమ కూర్చుని, దోమ ఎటు పడిందో కాలికింద పోగు కదిలితే తెలుసుకునేది. దోమలు ఎక్కువగా పడే వైపు పోగులు మరింత బిగించుకునేది. చాలాకాలం చూశాను. తర్వాత ప్రతి మగ్గం నుంచి వాసం మీదుగా అవ్వ దాకా ఒక్కో పోగు లాగాను. నూలు కావలసినవాడు పోగు గుంజుతాడు. ఎక్కువసార్లు గుంజే పోగును అవ్వ తన చేతికి దగ్గరగా మార్చి కట్టుకుంటుంది. ముతక నూలు మగ్గం, కండె ఎక్కువసేపు వచ్చే సన్న నూలుకు మారితే దాని పోగు దానంతటదే వెనక్కి పోయేది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నా ఊహలో తప్పేమీ లేదు, ఈనాటికీ అదే అంటాను.

షావుకారు వచ్చి చూశాడు. "ఏం బుర్రప్పా నీది," అని భుజం తట్టాడు. ఆ వారమే ఆదోని పోయి, ఎద్దుల మెడకు కట్టే మువ్వలు తెచ్చాడు. పోగుల కొసలు అవ్వ దగ్గరనుంచి తన గద్దె దగ్గరికి మార్పించి మువ్వలు కట్టాడు. ఈ కొసను మా పలకలకు కట్టించాడు. పలక ఆడినంతసేపు మువ్వ మోగుతుంది.

"పోగులు అవ్వ కాడ ఉండాల సావుకారీ. నేను కట్టింది దానికి," అన్నాను.

"పోగు నీది, పాక నాది. మువ్వ మోగలేదంటే మగ్గం నిద్రపోతాందని లెక్క. నిద్రపోయే మగ్గం నాకెందుకు? గుంత ఇయ్యమని ఎంతమంది వాకిట్లో నిలబడినారో సూడు."

ఎదురు మగ్గంలోని అన్న నావైపు చూసి నవ్వాడు. "ఎద్దుల మువ్వలు కట్టించినావు గదప్పా. తవుడు కూడా పెట్టించు."

నాయన ఆగితే ఇక దాచే చోటు లేదు. సాయంత్రం నేను ఎంత గుడ్డ నేసినా, పగలు ఆగిన మువ్వే ఆయన్ని గుంతలోంచి పంపించేస్తుంది.

ఒకనాడు పాకలో పిల్లి బల్లి మీదికి దూకింది. బల్లి తోక వదిలేసి గోడెక్కింది. పిల్లి ఆ కదిలే తోకతోనే ఆడుతూ ఉండిపోయింది. నాకు దారి దొరికింది. నా పలక నుంచి నేల వెంబడి ఒక పోగు తీసి, నాయన మువ్వ పోగుకు ముడివేశాను. రెండూ ఒకే దరువున మోగితే అనుమానం వస్తుందని దాన్ని కొంచెం వదులుగా కట్టాను. నా మువ్వ మోగాక ఒక క్షణానికి ఆయనది మోగేది. షావుకారు తృప్తిగా తల ఊపేవాడు. నాయన తల ఆనించుకుని ఊపిరి తీసుకునేవాడు.

అయితే నేను ఆగితే ఇద్దరం ఆగినట్టే. పగలు ఇద్దరి మువ్వలు, సాయంత్రం ఆయన గుడ్డ. దాహమైనా, తొడలు తిమ్మిరెక్కినా చేయి ఆడుతూనే ఉండాలి. వానాకాలం ఎప్పుడు వచ్చిందో పాక కారుతుంటేనే తెలిసింది.

"నీళ్లు తాగినావా?" అన్నాడు నాయన ఒక మధ్యాహ్నం.

"తాగుతాలే నాయనా."

"పొద్దున్నుంచి ఇదే మాట."

"నేను నిలిపితే నీది నిలుస్తాది గదా."

ఆయన నా చేతి వైపు చూశాడు. తర్వాత వంగి నేను వేసిన ముడి విప్పాడు. మోకాళ్లు పట్టుకుని గుంతలోంచి ఎక్కాడు. గద్దె దగ్గర ఒక మువ్వ ఆగింది.

"ఏం పెద్దాయనా, అలిసిపోయినావా?" షావుకారు తలెత్తాడు.

"అలిసినా. గుంత ఎవురికన్నా ఇచ్చుకో సావుకారీ."

కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకుని, గోడ పట్టుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఇంగ ఒక్క మువ్వే గదా. తాగు."

చేయి ఆపాను. నా మువ్వా ఆగింది. షావుకారు ఇటు చూశాడు.

"తాగనీ సావుకారీ," అన్నాడు నాయన, గొంతు పెంచకుండానే.

నేను తాగాను. గుటక పూర్తిగా దిగకముందే నా చేయి పలక మీదికి పోయింది.