మైదా జిగురు ప్లేట్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను తెనాలిలోని ఒక చిత్రకళా కళాశాలకు ప్రింట్‌మేకింగ్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. విభాగమంటే ఒక గది, ఒక చేతి ప్రెస్సు, లెక్కలేనన్ని బొద్దింకలు.

అక్కడ నా ప్రాణం తీసిన విద్యార్థిని సలోమి గారు. రేపల్లెలో డ్రాయింగ్ టీచరు, నలభై దాటాయి. డిప్లొమా ఉంటేనే ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. ఆమెకు అదే చివరి అవకాశం. ప్రతి శనివారం ప్యాసింజర్‌లో వచ్చేవారు.

మేము చేసేది కొలాగ్రాఫ్. అట్టమీద ఊక, వల ముక్క, ఈతచాప పీలికలు అంటించి, పైన వార్నిష్ పూసి ఆరబెడతాం. అదే ప్లేటు. ఆ గరుకు సందుల్లో ఇంకు కూరి, తడి కాగితం పరిచి ప్రెస్సులో లాగితే బొమ్మ వస్తుంది. "అంటించగానే వార్నిష్ పూయండమ్మా" అని ఎన్నిసార్లు చెప్పానో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆమె మైదా జిగురుతో అంటించి, ప్లేటును అలాగే బల్లమీద వదిలేసి రైలెక్కేవారు. మళ్లీ శనివారానికి బొద్దింకలు సగం కొరికేసేవి. అప్పుడు తీరిగ్గా వార్నిష్ పూసేవారు! ఒళ్లు మండి రెండు ప్లేట్లు నేనే చెత్తబుట్టలో పడేశాను. ఎందుకలా చేస్తున్నారని మాత్రం అడగలేదు.

పరీక్షకూ ఆ కొరుకుడు ప్లేట్ల ప్రింట్లే పెట్టారు. ఎవరైనా అడిగితే సూదితో గీకానని చెప్పమన్నాను. బాపట్ల నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక ప్రింటును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశారు.

"ఈ గరుకు ఏ పనిముట్టుతో తెచ్చారమ్మా?"

"బొద్దింకలండి."

నేను తల పట్టుకున్నాను. అనుకోకుండా వచ్చినదానికి మార్కులుండవు. మళ్లీ తెప్పించగలరా అని ఆయన అడిగారు. ఆమె సంచిలోంచి నోట్‌బుక్ తీశారు.

"తెప్పించగలనండి. జిగురు పల్చగా ఉంటే అంచులే తింటాయండి. బెల్లం కలిపితే మధ్యలోకి వస్తాయి. వద్దనుకున్న చోట ముందే వార్నిష్ పూస్తే ముట్టుకోవండి."

పేజీకొక ప్లేటు. జిగురు పాళ్లు, ఉంచిన రోజులు, పక్కనే చిన్న ప్రింటు ముక్క. రెండు పేజీల్లో మాత్రం ముక్క లేదు. "సార్ పారేశారు. ఫలితం తెలియదు" అని రాసి ఉంది.

ఆమె పాసయ్యారు. నేను సర్వీసంతా టెక్నిక్ బోధించాను. చెడిన ప్లేటును పారేయడమే తప్ప, అది ఎలా చెడిందో ఒక్కసారీ రాసి పెట్టుకోలేదు. ప్రయోగమంటే ఆ రాసి పెట్టుకోవడమేనని నాకు తెలిసేసరికి రిటైర్‌మెంట్‌కు నాలుగు నెలలు మిగిలాయి.