నాయన జీపుకు పెద్దబాపు వేసిన రేకులు

మా పెద్దబాపు పోయాడన్న ఫోను పోయిన నెల ఒక మధ్యాహ్నం వచ్చింది. హబ్సిగూడలోని కోచింగ్ సెంటర్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. "పెద్దబాపు పోయిండు బిడ్డా" అని పెద్దమ్మ ఒక్క మాటే అన్నది. బోర్డు మీది లెక్క సగంలో వదిలి బయటికి వచ్చాను. రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, ఆటో ఎంతకీ కదలలేదు. నేను దవాఖానా చేరేసరికి ఆయన్ని తెల్లబట్టలో చుట్టేశారు. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు ఏడాదిగా చెబుతూనే ఉన్నారు.

నాచారంలో మా గల్లీ దగ్గర ఉన్నవాళ్లయితే ఆయన ముఖం గుర్తులేకపోయినా ఆయన సుత్తి చప్పుడు మీకు గుర్తుంటుంది. ఆదివారం వచ్చిందంటే ఇంటి ముందు పాత జీపు దగ్గర కూర్చుని రేకులు కొట్టేవాడు. నడవని బండికి ఇంత చాకిరీ ఏమిటని ఇంటి యజమాని విసుక్కునేవాడు. పిచ్చి పట్టిందని కూడా కొందరన్నారు. ఆ జీపు సంగతి దాచిపెట్టి ఆయన్ని మంచివాడని రాయడం నాకు చేతకాదు.

పెద్దబాపు మా నాయనకు అన్న. పారిశ్రామికవాడ వైపు ఒక షెడ్డులో బండ్ల డెంటింగ్ పని చేసేవాడు. నాయన వేలంలో ఒక జీపు కొన్నాడు. అది ఆయనకంటే వయసులో పెద్దది, తలుపులు కూడా లేవు. ఉప్పల్ నుంచి కీసరకు అందులో మనుషులను ఎక్కించుకుని తిప్పేవాడు. నేను ఇంటర్ చదువుతున్న ఏడాది, శివరాత్రి జాతర పొద్దున, కీసర తొవ్వలో ఒక మలుపు దగ్గర నాయన సీటుతో సహా రోడ్డు మీద పడ్డాడు. వెనక లారీ వస్తున్నది. జీపు గుంతలోకి దిగి ఆగింది, లోపలివాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. నాయన ఒక్కడే పోయాడు.

పొద్దున్నే తాగి నడిపాడని ఉప్పల్ జీపుల అడ్డా మీద పుకారు పుట్టింది. నాయన తాగేవాడు కాదు. ఆ సంగతి అమ్మ ఎంతమందికి చెప్పినా, పెళ్లాం కాబట్టి అట్లాగే అంటుందన్నారు. దినాలకు వచ్చిన చుట్టాలు కూడా మా ఇంట్లోనే కూర్చుని గుసగుసలాడారు. పెద్దబాపు ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత అమ్మనూ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నాడు. పోలీసులు వదిలాక జీపునూ తెచ్చాడు. నా చదువు ఆగనియ్యలేదు. నేను బస్సు దిగే వేళకు రోజూ గల్లీ మొదట్లో నిలబడి ఉండేవాడు. నన్ను చూడగానే వెనక్కి తిరిగి ముందు నడిచేవాడు. కూరలో ముక్కలుంటే నా పళ్లెంలోకి జరిపి, తనకు పులుసే ఇష్టమనేవాడు.

జీపు పని వెనక తలుపు నుంచి మొదలుపెట్టాడు. తుప్పును మా వైపు సిలుము అంటారు. సుత్తి కొనతో రేకును తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. మంచి రేకు గణగణమంటుందనీ, సిలుము తిన్నది బొంగురుగా పలుకుతుందనీ నాకూ వినిపించేవాడు. పాత క్యాలెండరు కాగితం మీద కొలత గీసి, కొత్త రేకు కత్తిరించి, చుక్క చుక్కగా వెల్డింగ్ పెట్టేవాడు. ఒకేసారి పెడితే రేకు వేడికి వంకరపోతుందట. కంటికి కనిపించే తుప్పు వరకే ఎందుకు కోయవని ఒకసారి అడిగాను.

"సిలుము కనవడ్డ కాడ ఆగదు బిడ్డా. రెండు వేళ్ల మందం అవతలికి పోయి కొయ్యాలె" అన్నాడు.

నాలుగేళ్లు గడిచాయి. వెనక భాగం, పక్కలు, బానెట్ అన్నీ అయ్యాయి. డ్రైవరు సీటు కింది నేల మాత్రం ముట్టలేదు. అందరూ చివరికి పెట్టుకునే పని అదేనేమో అనుకున్నాను. నేను డిగ్రీ ఆఖరు ఏడాదిలో ఉండగా ఒక ఆదివారం దాన్ని కోశాడు. ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. పైన రంగు, దాని కింద వేలెడు మందాన చిల్లులు పూడ్చే పుట్టీ. ఇనుము అట్టముక్కలా పొడిపొడిగా రాలింది.

"ఇది నేను పూసిందే బిడ్డా" అన్నాడు. "కొయ్యాలె, కొత్త రేకు వెయ్యాలె అని నాకెరికే. జాతరకు నాలుగు రోజులే ఉండె. పుట్టీ వెట్టి రంగేసిన. సీటు గిక్కడ్నే ఊడింది."

"మరి నాయన తాగిండని అందరంటుంటే నువ్వేం జేసినవు?"

ఆ ముక్కను ఆయన కాళ్ల దగ్గర పడేసి లోపలికి వెళ్లాను. వారం తిరగకుండా హబ్సిగూడలో ఒక హాస్టల్ చూసుకుని వెళ్లిపోయాను. అప్పుడప్పుడూ అమ్మను చూడడానికి వచ్చినా, ఆయన ఇంట్లో లేని వేళకే వచ్చేదాన్ని. ఏడేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తున్నది. అప్పుడు మాత్రం వెయ్యలేదు.

నేను వెళ్లిన మర్నాడే ఆయన ఉప్పల్ అడ్డాకు పోయాడట. అక్కడున్న డ్రైవర్లందరినీ పిలిచి, తమ్ముడు తాగలేదనీ, తన పనే చెడ్డదనీ చెప్పాడట. ఒకరోజు రానివాళ్లకు మరో రోజు పోయి చెప్పాడట. ఇట్లా చెప్పుకుంటూ తిరిగితే బండ్లెవరిస్తారని షెడ్డు యజమాని పనిలోంచి తీసేశాడు. పోచారం వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌గా చేరాడు. ఇవన్నీ నాకు చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది, ఆయనకు దగ్గు ముదిరి పని మానేశాక.

అప్పుడు వెళ్లాను. మనిషి సగమైపోయాడు. జీపు వాకిట్లో అట్లాగే ఉంది, సీటు కింద కోసిన కంత తెరిచే ఉంది. ఇన్నేళ్లూ దాన్ని మూయలేదు. నన్ను చూసి లేవబోయాడు, దగ్గు లేవనియ్యలేదు. ఆ రోజే అమ్మ ఆయన ముందు నిలబడి తాను దాచుకున్న మాట చెప్పింది.

"నాకు ఎరికే బావ. కోస్తనని నువ్వంటే జాతర దాటినంక కొయ్యిమన్నడట ఆయన. ఆ రాత్రే నాకు జెప్పిండు. నేను గూడ జాతర గిరాకి పోనియ్యొద్దనే అన్న."

ఆ మాటతో పెద్దబాపు బరువు దిగుతుందని అమ్మ అనుకుని ఉంటుంది.

"వానికి తొందరుంటది. పని తెల్సినోన్ని నేను గదా" అన్నాడు.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదని తర్వాత అమ్మను నిలదీశాను. "ఆయన వెట్టిన బువ్వ తినుకుంట ఏమని జెప్పుదు? చెప్తే నా తప్పు గూడ చెప్పాలె గద" అన్నది. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఒకరి దగ్గర ఒకరు దాచుకుని బతికారని ఆ రోజు తెలిసింది.

ఆ కంత మూయడానికి మాకు ఐదు ఆదివారాలు పట్టింది. ఆయన నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టి, గోడకు ఆనుకుని దగ్గి, మళ్లీ వచ్చేవాడు. నేను రేకు అడుగున ఇనుప దిమ్మ పట్టుకునేదాన్ని, తడిగుడ్డతో అతుకు చల్లార్చేదాన్ని. క్షమించానని నేను అనలేదు. ఆయనా అడగలేదు. సుత్తి దెబ్బ దిమ్మ మీద పడ్డప్పుడల్లా నా మణికట్టు దాకా తెలిసేది.

సీటు బిగించాక ఆయన దాంట్లో కూర్చుని, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి నెట్టి చూశాడు. మళ్లీ నెట్టాడు. పక్కకు నెట్టాడు. సీటు కదల్లేదు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. ఇంజను మాత్రం ముట్టనియ్యలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు.

ఆయన నా చదువును నిలబెట్టాడు, నాయనను పోగొట్టాడు. ఈ రెండింట్లో ఒకదాన్ని కొట్టేయడం నాకు రాలేదు.

పదకొండో దినం అయ్యాక పెద్దమ్మ ఆయన చొక్కాలు ఉతికి డాబా మీద తాడుకు ఆరేసింది. వెల్డింగ్ నిప్పురవ్వలు పడి ఛాతీ మీదా చేతుల మీదా బట్టంతా సన్న చిల్లులు. నడినెత్తిన ఎండ. చొక్కాల నీడలో వెలుగు చుక్కలు గచ్చు నిండా పడ్డాయి. గాలి వచ్చినప్పుడు అవి మా పాదాల మీదికి వచ్చి, వెనక్కి పోయాయి. పెద్దమ్మ, అమ్మ, నేను వాటిని చూస్తూ నిలబడ్డాం.