నేను విప్పిన ఒకే ఒక్క కేసు

జర్మనీలో చెత్త పడేయడానికి కూడా చదువుండాలి. కాగితానికో డబ్బా, ప్లాస్టిక్కుకో డబ్బా, తొక్కలకో డబ్బా. ఒక్క టీ బ్యాగుని దారం, కాగితం, ఆకు అని విడదీస్తూ నిలబడితే, ఇందుకేనా మాస్టర్స్‌కి వచ్చింది అనిపిస్తుంది.

ఆ చెత్తని అడ్డం పెట్టుకునే నేనొక మనిషిని దోషిని చేశాను. కరోనా మొదటి చలికాలంలో. అప్పట్నుంచీ మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఫ్రైబర్గ్‌లో ఒక ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం: నేను, వెంకట్, సుధాకర్. క్లాసులన్నీ ఆన్‌లైన్. భోజనాలయ్యాక నేను పాత ఇంగ్లీషు డిటెక్టివ్ కథలు చదివి వినిపించేవాణ్ణి. పోలీసులు తల గోక్కుంటుంటే, ఆ ఉద్యోగంతో సంబంధం లేని పెద్దమనిషెవరో వచ్చి, అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి దోషిని చూపించే రకం. చివరి పేజీ ముందు ఆపేవాణ్ణి. వెంకట్ ప్రతిసారీ వంటమనిషి అనేవాడు. సుధాకర్ చాలాసార్లు సరిగ్గా చెప్పేవాడు. నాకది మరీ అంత నచ్చేది కాదు.

ఒక ఆదివారం, అసైన్‌మెంట్ ఉంది పిలవొద్దని గది తలుపు వేసి, చప్పుడు కాకుండా డ్రెస్డెన్ రైలెక్కాను. స్నేహితుడి పుట్టినరోజు. పదిమంది ఒకచోట చేరకూడదని రూలున్న రోజుల్లో ఒకే గదిలో పదకొండు మందిమి. బిర్యానీ బాగుంది. సాయంత్రం చీకటి పడ్డాక అలాగే చప్పుడు లేకుండా తిరిగొచ్చాను. తొమ్మిదోరోజు ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు, పాజిటివ్ వచ్చిందని. అప్పటికే వెంకట్ దగ్గుతున్నాడు, పరీక్షలో వాడికీ పాజిటివే; నాకు తుమ్మైనా లేదు.

"మనమెవరమూ బయటికెళ్ళలేదు కదరా, ఎలా వచ్చింది?" అన్నాడు వెంకట్, తన గది గడపలో మఫ్లర్ చుట్టుకుని.

నిజం చెప్పడానికి ఒక నిమిషం దొరికింది. ఆ నిమిషంలో నేనేం చేశానో తెలుసా? గొంతు సవరించుకున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం గుమ్మం దగ్గర సుధాకర్ బూట్లు తడిగా ఉన్నాయన్నాను. కోటు మీద మంచు ఉందన్నాను. చాలాసేపు కనబడలేదని వెంకటే అన్న మాట గుర్తుచేశాను. ఒక్కో ఆధారం, ఆగి ఆగి, కథల్లోలాగే.

"చెత్త పడేయనీకి పోయిన్రా. ఆ వారం నా వంతు," అన్నాడు సుధాకర్.

"చెత్తకి ముప్పావు గంటా?" అన్నాను.

"కింద ముసలామె సంచులు గూడ నేనే ఏసిన. అన్నీ వేరు చెయ్యాలె గదా."

"అబ్బో, సమాజసేవ!" అన్నాడు వెంకట్. అంతే, తీర్పు అయిపోయింది.

చిక్కుముడి విప్పేవాణ్ణి ఎవరూ అనుమానించరు. ఆ సంగతి తెలిసే చేశానా? భయంతో నోటికొచ్చింది చెప్పానా? ఇన్నాళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను, ప్రతిసారీ భయమనే జవాబు తెచ్చుకుంటున్నాను, కానీ మింగుడుపడనిది వేరే ఉంది. చెబుతున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది.

వారం తిరక్కముందే వెంకట్ కోసం అంబులెన్స్ వచ్చింది. మూడు వారాల ఆస్పత్రి తర్వాత వెంకట్ బతికి బయటపడ్డాడు. వాడు సుధాకర్‌తో మళ్ళీ మాట్లాడలేదు. క్వారంటైన్ ముగియగానే సుధాకర్ సామాను సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ చెత్త సంచి కూడా పట్టుకెళ్ళాడు. ఆ వారం వంతు నాది.

ఇప్పుడు నేనూ వెంకట్ వోల్ఫ్స్‌బర్గ్‌లో ఒకే ఆఫీసు. మెట్లెక్కేటప్పుడు వాడు రెండో అంతస్తులో ఆగుతాడు. మాస్కు కిందికి లాగి, రెయిలింగ్ పట్టుకుని, ముందు గాలి పీల్చుకుంటాడు, తర్వాత సుధాకర్‌ని తిడతాడు. నేను పక్కన నిలబడి వింటాను. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నా నాకు ఆ ఊపిరి వినబడుతూనే ఉంటుంది.

పోయిన వారం కొలోన్‌లో ఉన్న సుధాకర్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, బిర్యానీతో సహా. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. అయినా చెప్పేశాక ఊపిరి పూర్తిగా లోపలికెళ్ళింది. వెంకట్‌కి దొరకనిది అదే కదా అని వెంటనే తోచింది.

అటు సుధాకర్ ట్రామ్ దిగుతున్న చప్పుడు వినబడింది.

"నాకు ఆ దినమే తెలుసురా. చెత్త ఏసి పైకొచ్చేసరికి నీ బూట్లు లేవాడ," అన్నాడు సుధాకర్. "నాకెందుకు చెప్తున్నవ్? తెల్వనోడు వెంకట్."